పూర్వపక్షం చెప్పకుండానే వాదానికి దిగితే

ప్రశ్న

తార్నాకలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరూ కళాశాల పేరూ బయటపెట్టవద్దని కోరినందువల్ల వాటిని వదిలి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆమె ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివారు. ఇప్పుడు నగరంలో జర్నలిజం ఎం.ఏ. మొదటి సంవత్సరం. తండ్రి సూర్యాపేట వైపు ఒక మండల కేంద్రంలో పేపరు ఏజెంటు. తెల్లవారుజామున మూడున్నరకు వ్యాన్ బస్టాండు దగ్గర పడేసి వెళ్లే కట్టలు విప్పి, లెక్క చూసి, మధ్యలో కరపత్రాలు దూర్చి, లైన్ల వారీగా కుర్రాళ్లకు సర్దే పనిలో సెలవులప్పుడు ఈమె కూడా చెయ్యి వేసేవారట.

మీడియా సిద్ధాంతాల పేపరు ఇంటర్నల్ పరీక్షలో మార్షల్ మెక్లూహన్ ఆలోచనల మీద ఇంగ్లీషులో ఒక అపరిచిత గద్యం ఇచ్చి, ఒక్కోదానికి 4 మార్కుల చొప్పున 5 ప్రశ్నలు అడిగారు. ఆమెకు 20కి 5 వచ్చాయి. జవాబుపత్రం అంచున ఎర్ర సిరాతో ‘నీ అభిప్రాయం అడగలేదు’ అని ఉంది. గద్యంలోని వాక్యాలనే ఎత్తి రాసిన స్నేహితురాలికి 9 వచ్చాయి. ఆ అవమానంలో తర్వాతి అసైన్‌మెంటును ఫోన్‌లోని కృత్రిమ మేధ యాప్‌తో రాయించి ఇచ్చేశారు. దానికి 18 వచ్చాయి. అంతటితో ఆగక అధ్యాపకుడు దాన్ని తరగతిలో చదివి వినిపించి, అదే అంశం మీద వచ్చే నెల సెమినార్ ఇవ్వమన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదని రాశారు. ఆమె అడుగుతున్నవి ఇవి: చదివినప్పుడు అర్థమైనట్టే ఉండి, రాసేసరికి తప్పెందుకవుతోంది? రచయిత చెప్పింది తప్పనిపించినా ఒప్పుకొని రాయాలా? అసైన్‌మెంటు సంగతి సార్‌కు చెప్పాలా? ఇదంతా నా వల్ల కాదని చదువు మానేసి ఏదో ఒక న్యూస్ డెస్కులో చేరిపోతే నాన్నకు ఏమని చెప్పుకోవాలి?

జవాబు

ఉత్తరంతో పాటు ప్రశ్నపత్రాన్నీ దిద్దిన జవాబుపత్రాన్నీ జిరాక్సు తీసి పంపడం మంచిదైంది. అవి లేకపోతే నేనూ మీ ఇంగ్లీషునే అనుమానించి, నిఘంటువు కొనుక్కోమనో, రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవమనో చెప్పి ఊరుకునేదాన్ని. జవాబులు చదివాక ఆ అనుమానం పోయింది. వాక్యాల్లో చిన్న చిన్న వ్యాకరణ దోషాలున్నాయి గానీ, గద్యం చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటా మీకు తగిలింది. తగలడమేమిటి, గుచ్చుకుంది. చిక్కంతా అక్కడి నుంచే మొదలైందని నాకనిపిస్తోంది.

పాఠకులకు కూడా తెలియాలి కాబట్టి ఆ గద్యంలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. కెనడా ఆచార్యుడు మెక్లూహన్ 1964లో వెలువరించిన ‘అండర్‌స్టాండింగ్ మీడియా’ మొదటి అధ్యాయంలోని వాదాన్ని అది కుదించి చెబుతుంది. మాధ్యమమే సందేశం అన్నది ఆయన ప్రసిద్ధ సూత్రం. ఒక మాధ్యమం మనుషుల వ్యవహారాల పరిమాణంలో, వేగంలో, తీరులో తెచ్చే మార్పే దాని ‘సందేశం’ అని ఆయన నిర్వచనం. విద్యుద్దీపం ఉదాహరణగా వస్తుంది: ఆ వెలుగులో మెదడుకు శస్త్రచికిత్స చేసినా, రాత్రిపూట బేస్‌బాల్ ఆడినా, అసలు మార్పు రాత్రి పగలు కావడమే. ప్రతి మాధ్యమంలోనూ విషయంగా ఉండేది మరో మాధ్యమమే అంటాడు. రాతలో ఉండేది మాట, అచ్చులో ఉండేది రాత. కాపలా కుక్క దృష్టి మళ్లించడానికి దొంగ వెంట తెచ్చుకునే మాంసం ముక్క లాంటిది విషయం అన్న పోలిక కూడా ఆ గద్యంలోనే ఉంది. చివర్లో అమెరికా రేడియో రంగ దిగ్గజం డేవిడ్ సార్నాఫ్ మాటలు వస్తాయి: ఆధునిక శాస్త్రం సృష్టించిన వస్తువులు వాటంతట అవి మంచివీ కావు, చెడ్డవీ కావు, వాడే తీరును బట్టే వాటి విలువ.

మీ మొదటి జవాబు చూద్దాం. ‘వ్యాసకర్త దృష్టిలో సందేశం అంటే ఏమిటి?’ అన్నది ప్రశ్న. మీరు పదకొండు వరుసలు రాశారు. జనం పేపరు కొనేది వార్త కోసం గానీ కాగితం కోసం కాదనీ, వార్తను కుక్కకు వేసే మాంసంతో పోల్చడం విలేకరులనూ, పేపరు చేరవేసేవాళ్లనూ కించపరచడమేననీ, వర్షంలో తడవకుండా కట్టల మీద పట్టా కప్పి మీ నాన్న కాపాడింది విషయాన్నేననీ రాశారు. ఆ చివరి వాక్యం చదివి నేను కాసేపు ఆగాను. మంచి వాక్యం. కానీ ప్రశ్నకు జవాబు కాదు. ‘సందేశం’ అన్న మాటను గద్యం రెండో వాక్యంలోనే నిర్వచించింది. మనం రోజూ వాడే అర్థాన్ని, అంటే ఒకరు ఇంకొకరికి పంపే కబురు అనే అర్థాన్ని, పక్కనబెట్టి తన అర్థం తాను పెట్టుకుంది. మీరు మాత్రం ఆ మాటను మామూలు అర్థంలోనే మోసుకుంటూ గద్యం చివరి దాకా వెళ్లారు. అందువల్ల ఆయన ప్రతి వాక్యమూ మీకు ‘వార్తకు విలువ లేదు’ అన్నట్టే వినిపించింది. సిద్ధాంత గ్రంథాలకు ఇదొక అలవాటు. వాడుకలో ఉన్న మాటనే తీసుకొని లోపల కొత్త సరుకు నింపుతాయి. పరీక్షలు పెట్టేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే మొదటి ప్రశ్న ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది.

మీ కోపంలో మన భాషకూ కొంత వాటా ఉందని నా అనుమానం. ఇంగ్లీషు వాక్యాన్ని మీరు మనసులో ‘మాధ్యమమే సందేశం’ అని తెలుగు చేసుకున్నారు; అందరూ అలాగే చేస్తారు, నేనూ పైన అలాగే రాశాను. కానీ ఆ ‘ఏ’కారం బలమైనది. ‘వాడే దొంగ’ అంటే ఇంకెవరూ కారని. ‘మాధ్యమమే’ అనగానే ‘విషయం కాదు’ అన్న కొసరు దానంతటదే వచ్చి చేరుతుంది. గద్యం విషయం లేదనడం లేదు, విషయం మీద పడ్డ మన చూపు మాధ్యమం చేస్తున్న పనిని చూడనివ్వడం లేదంటోంది. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది.

మన ఇళ్లలో టెలిగ్రాం వచ్చిన రోజులు మీకు తెలియవు. మన దేశంలో ఆ సేవ 2013 జులైలో ఆగిపోయింది. తంతి వచ్చిందని సైకిల్ బెల్లు వినబడగానే, కవరు చింపకముందే, ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు అందుకునేవారు. లోపల ఉన్నది మేనల్లుడికి ఉద్యోగం వచ్చిందన్న శుభవార్తే కావచ్చు. అయినా తంతి అనేది వచ్చిందంటేనే ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని లెక్క. మాటకు ఇంత అని రుసుము కాబట్టి మనుషులు మాట్లాడే భాషే మారి, క్రియలూ విభక్తులూ రాలిపోయిన ఒక కొత్త వాక్యం పుట్టింది. వందల మైళ్ల అవతలి చావుకబురు పూటలో చేరడం వల్ల దహనానికి కొడుకు అందుకోగలిగాడు. తంతిలో ఏం రాసి ఉందన్నది ఒక సంగతి. తంతి వల్ల బతుకులో వచ్చిన ఈ మార్పులు ఇంకో సంగతి. రెండోదాన్ని మెక్లూహన్ సందేశం అంటున్నాడు. ఈ ఉదాహరణ మీకు అర్థం కావడానికే ఇచ్చాను. దయచేసి దీన్ని జవాబుపత్రంలో రాయకండి, గద్యంలో తంతి లేదు.

పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో మొదటి భాగం పేరు గుర్తుందా? ‘అవగాహన–ప్రతిస్పందన’. రెండింటికీ మధ్య ఒక చిన్న గీత పెట్టి ఒకే శీర్షిక కింద నేర్పారు మనకు. నేర్పడంలో తప్పేమీ లేదు, చదివినవాడు స్పందించాలి కూడా. కానీ ఆ గీత దగ్గర ఒక క్షణం ఆగాలని మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు. మీ ఐదు జవాబుల్లో నాలుగు పూర్తిగా ప్రతిస్పందనలు. మీ సార్ ఎర్ర సిరాతో రాసింది కటువుగా ఉండవచ్చు, వివరణ లేకుండా వదిలేయడం అధ్యాపకుడి లోపమే అంటాను, కానీ రోగం పేరు సరిగ్గానే రాశారు.

ఇక ఐదో ప్రశ్న. ‘సార్నాఫ్ అభిప్రాయం పట్ల వ్యాసకర్త వైఖరి ఏమిటి?’ దీనికి మీరు ‘సాంకేతికత మంచీ కాదు, చెడూ కాదు, వాడకాన్ని బట్టి ఉంటుందని వ్యాసకర్త సరిగ్గా చెప్పారు’ అని రాశారు. ఇక్కడ మీకు సున్నా వచ్చింది, సున్నాయే రావాలి. మెక్లూహన్ ఆ మాటలను ఉదహరించింది ఒప్పుకోవడానికి కాదు, ఎగతాళి చేయడానికి. ఆపిల్ పై అనే తీపి వంటకం కూడా దానంతటది మంచీ చెడూ కాదు, వాడకాన్ని బట్టే దాని విలువ అని చెప్పినట్టుందని హాస్యమాడతాడు. నిద్రలో నడిచేవాళ్ల గొంతు అది అంటాడు. మీకు ఎందుకలా కనిపించిందో ఊహించగలను. మొత్తం గద్యంలో మీకు నచ్చిన మాట అదొక్కటే. కత్తితో కూరగాయలూ తరగవచ్చు, పీకా కోయవచ్చు అని మన ఊళ్లలో పెద్దవాళ్లు అనే మాటకు అది దగ్గరగా ఉంది. నచ్చిన మాటను వ్యాసకర్త నోట్లో పెట్టేశారు.

మన శాస్త్రగ్రంథాలు చదివినవారికి ఈ పొరపాటు పాత నేస్తమే. భాష్యకారులు ముందు పూర్వపక్షం చెబుతారు, అంటే ఎదుటివాడి వాదాన్ని అతడే చెప్పుకున్నంత బలంగా నిలబెడతారు; ఆ తర్వాతే ఖండించి తమ సిద్ధాంతం చెబుతారు. తొందరపడి చదివే విద్యార్థి పూర్వపక్షాన్నే సిద్ధాంతమనుకొని పేజీ మూసేస్తాడు. మీరు ఐదో ప్రశ్నలో ఆ పని చేశారు. మొదటి ప్రశ్నలో దానికి తలకిందులు: మీరే వాదానికి దిగారు, కానీ దిగేముందు చెప్పాల్సిన పూర్వపక్షాన్ని, అంటే మెక్లూహన్ వాదాన్ని, చెప్పనేలేదు. కాబట్టి ‘తప్పనిపించినా ఒప్పుకొని రాయాలా?’ అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పజెప్పాలి. ఎదుటివాడి మాటను వక్రించకుండా ఒప్పజెప్పడం అతడికి లొంగిపోవడం కాదు.

దీనికి తెలుగులోనే ఒక మంచి పనిముట్టు ఉంది, మీ నాన్న పంచే పేపర్లో ప్రతి వార్తలోనూ అది కనిపిస్తుంది: ‘అని’. ‘నిధులు దారి మళ్లాయని ప్రతిపక్షం ఆరోపించింది’, ‘అదేమీ లేదని మంత్రి చెప్పారు’. ఈ రెండక్షరాలు తీసేస్తే ఆరోపణ కాస్తా పత్రిక మాట అయిపోతుంది, కేసు కూడా పడుతుంది. మీరు రాసిన ప్రతి జవాబు వాక్యం చివరా మనసులో ‘అని మెక్లూహన్ అంటున్నాడు’ అని తగిలించి చూడండి. అబద్ధం కాకుండా అతికితే ఉంచండి. ‘అని నేననుకుంటున్నాను’ అన్నదే అతికితే ఆ వాక్యం వేరే కాగితం మీదికి పోవాలి. ‘అని సార్నాఫ్ అన్నాడని మెక్లూహన్ అంటున్నాడు’ అని రెండు ‘అని’లు కావలసివస్తే మాత్రం బాగా జాగ్రత్తపడండి, వైఖరి మీద ప్రశ్నలు పుట్టేది అక్కడే. మీ మొదటి జవాబులోని పదకొండు వరుసలకూ నేను ఈ పరీక్ష పెట్టి చూశాను. ఒక్క వరుస కూడా మొదటి రకానికి అతకలేదు.

మీ స్నేహితురాలి 9 మార్కుల గురించి ఎక్కువ బాధపడకండి. వాక్యాలు ఎత్తి రాస్తే, ‘ఏమన్నాడు’ అనే ప్రశ్నలకు సగం మార్కులు రాలుతాయి, ‘ఎందుకన్నాడు’ అనే ప్రశ్నల దగ్గర ఆగిపోతుంది. విద్యుద్దీపం ఉదాహరణ ఎందుకు ఇచ్చాడన్న రెండో ప్రశ్నకు ఆమె శస్త్రచికిత్స వాక్యాన్ని యథాతథంగా దించారని మీరే రాశారు. దీపానికి సొంత విషయమంటూ ఏదీ లేదు కాబట్టి, విషయం అడ్డు లేకుండా మాధ్యమం ప్రభావాన్ని విడిగా చూపడానికి అది అనువైన ఉదాహరణ అన్న జవాబు గద్యంలో ఏ ఒక్క వాక్యంలోనూ లేదు, మూడు వాక్యాలను కలుపుకుంటే వస్తుంది. మీరు అధ్యాపక అర్హతకు పెట్టే నెట్ పరీక్ష రాయాలనుకుంటున్నారు కదా. అందులో మొదటి పేపరు 50 ప్రశ్నల్లో గద్యం మీద 5 ఉంటాయి, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పుకు కోత లేదు. అక్కడ ఎత్తి రాయడానికి చోటు లేదు, వాదించడానికీ చోటు లేదు. నాలుగు ఎంపికలుంటాయి, వాటిలో ఒకటి సాధారణంగా మీకు నచ్చేలా, కానీ గద్యం అననిదిగా ఉంటుంది. ఇప్పుడున్న అలవాటుతో మీ వేలు నేరుగా దాని మీదికే పోతుంది.

గద్యం సారాంశం ఏదో తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశారు. వేదవాక్యాలకు అర్థం తేల్చే పద్ధతులు చెప్పిన మీమాంసకులు దీనికి ఆరు గుర్తులు చెప్పారు. వాటిలో మూడు మీకు చాలు. ఉపక్రమమూ ఉపసంహారమూ, అంటే మొదలూ చివరా ఒకే మాట మీద నిలబడ్డాయా చూడండి. అభ్యాసం, అంటే ఏ మాట రూపం మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వస్తోందో గీత గీయండి. మీ గద్యంలో ‘మార్పు’ అన్న అర్థం వచ్చే మాటలు ఆరుసార్లు వచ్చాయి, ‘వార్త’ ఒక్కసారి కూడా రాలేదు. మూడోది అర్థవాదం. చెప్పదలచుకున్నదాన్ని మనసుకెక్కించడానికి పొగడ్తగానో నిందగానో కొంచెం పెంచి చెప్పే మాటలవి, ఇది చేయాలని నేరుగా చెప్పే విధి వాక్యాలు కావు. కుక్క, మాంసం ముక్క ఆ కోవలోవి. మీరు మాత్రం దాన్నే పట్టుకొని నడివీధిలో పంచాయితీ పెట్టారు.

మీకు కాస్త ఊరట కలిగించే సంగతొకటి. కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ అనే ఆచార్యుడు విద్యార్థులకు కవి పేరూ కాలమూ తీసేసిన పద్యాలు పంచి, వాళ్లు రాసిచ్చిన వ్యాఖ్యలను విశ్లేషించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే పుస్తకం వేశాడు. అంత పేరున్న విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు కూడా పద్యం నేరుగా చెప్పే అర్థాన్నే పట్టలేకపోయారని అందులో తేలింది. కారణాలలో సొంత జ్ఞాపకాలు అడ్డు రావడం ఒకటిగా, ముందే ఉన్న నమ్మకాలు అడ్డు రావడం మరొకటిగా ఆయన రాశాడు. పట్టా కప్పిన కట్టలు మీ జ్ఞాపకం. పేపరంటే వార్తే అన్నది మీ నమ్మకం. కాబట్టి ఇది తెలుగు మీడియం పిల్లల జబ్బు కాదు. ఇంకో విశేషం, 1930ల మధ్యలో అదే కేంబ్రిడ్జిలో రిచర్డ్స్ పాఠాలు విన్నవారిలో మార్షల్ మెక్లూహన్ ఒకడు.

మీ అభ్యంతరం పనికిమాలినదని మాత్రం అనుకోకండి. బ్రిటిష్ విమర్శకుడు రేమండ్ విలియమ్స్ 1974లో టెలివిజన్ మీద రాసిన పుస్తకంలో మెక్లూహన్‌ను గట్టిగా నిలదీశాడు. యంత్రమే అన్నిటికీ కారణమంటే దాన్ని ఎవరు, ఎందుకు, ఎవరి లాభం కోసం పెట్టారన్న ప్రశ్న మాయమైపోతుందన్నది ఆయన వాదం. అంతకు ఏడాది ముందు మీడియా, సంస్కృతి అధ్యయనాల పండితుడు స్టువర్ట్ హాల్ ఒక ప్రసారాన్ని ప్రేక్షకులు మూడు తీరుల్లో చదవవచ్చని ప్రతిపాదించాడు: పంపినవాడి ఉద్దేశాన్ని అంగీకరిస్తూ, కొంత ఒప్పుకొని కొంత బేరమాడుతూ, పూర్తిగా ఎదిరిస్తూ. మీరు మూడో తీరులో చదివారు. కానీ ఎదిరించి చదివేవాడికి కూడా పంపినవాడు ఏమన్నాడో తెలిసే ఉంటుంది, తెలిసే ఎదిరిస్తాడు. సెమినార్‌లో మీకు ఈ చోటు దొరుకుతుంది.

సెమినార్ దగ్గరికి వచ్చాం కాబట్టి అసైన్‌మెంటు సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, సార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పడం. మార్కులు తగ్గించవచ్చు, మళ్లీ రాయమనవచ్చు, మీ విభాగం నియమాలను బట్టి ఇంకా పైకి కూడా పోవచ్చు. తరగతిలో చదివి వినిపించినందుకు ఆయనకు కూడా చిన్నతనంగా ఉంటుంది, ఆ చిరాకు మీ మీద కొన్నాళ్లు ఉండవచ్చు. దానికి సిద్ధపడే వెళ్లాలి. రెండు, ఏమీ చెప్పకుండా ఈ నెలంతా కూర్చొని నిజంగా చదివి, సెమినార్ మీ సొంతంగా ఇవ్వడం. విద్య మీదవుతుంది, 18 మార్కులు మాత్రం మీవి కాకుండానే ఉంటాయి. పైగా ప్రశ్నలు వచ్చేది ఆ అసైన్‌మెంటులోని వాక్యాల మీదే. నాకు పంపిన ప్రతిలో రెండో పేజీలో హాట్, కూల్ మాధ్యమాల గురించి ఒక పేరా ఉంది, దాని పక్కన పెన్సిలుతో మీరు పెట్టుకున్న ప్రశ్నార్థకం కూడా ఉంది. మెక్లూహన్ రేడియోను హాట్ అనీ టెలివిజన్‌ను కూల్ అనీ అన్నాడు. వేడి, చల్లదనం అనుకుంటే ఇది బోధపడదు. ఒకే ఇంద్రియానికి నిండుగా సమాచారం ఇచ్చి మనకు పూరించే పని మిగల్చనిది హాట్. అరకొరగా ఇచ్చి మనల్నే పూరించుకోమనేది కూల్. ఆయన మాట్లాడుతున్నది 1960ల నాటి మసక తెర గురించి. ఈ సంగతి మీకు తెలియదని తరగతిలో ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. ఇక్కడ కూడా తెలిసిన మాటకు కొత్త అర్థమే, గమనించారా. మూడో దారి ఆరోగ్యం బాగాలేదని సెమినార్ ఎగ్గొట్టడం. ఆ పూటకు గండం గడుస్తుంది, వచ్చే సెమిస్టర్‌లో అదే సార్ అదే పేపరు.

నా మొగ్గు మొదటి దారివైపే, కానీ ఖాళీ చేతులతో వద్దు. ముందు ఆ ఐదు ప్రశ్నలకూ మళ్లీ జవాబులు రాసుకొని, అసైన్‌మెంటును మీ చేత్తో నాలుగు పేజీల్లో తిరగరాసి, రెండూ పట్టుకొని వెళ్లండి. ‘ఇంటర్నల్స్‌లో నా తప్పు ఏమిటో అప్పుడు తెలియలేదు సార్, భయపడి యాప్‌తో రాయించాను, ఇప్పుడు రాసింది ఇది’ అని చెబితే ఆయన ముందు ఒప్పుకోలుతో పాటు పని కూడా ఉంటుంది. వాట్సాప్‌లో మాత్రం పంపకండి. మీరెంత వినయంగా రాసినా ఫోన్ తెర మీద అది తప్పించుకుపోయినట్టే ఉంటుంది. మెక్లూహన్ మీకు నచ్చకపోవచ్చు గానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినండి. మీ సార్ కోపిష్టి అనీ, చెబితే చదువుకే ముప్పనీ మీకు గట్టిగా అనిపిస్తే రెండో దారి పట్టండి, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ అప్పుడు సెమినార్‌లో ఆ అసైన్‌మెంటు వాక్యం ఒక్కటి కూడా మీ నోట రాకూడదు.

చదువు మానేసి డెస్కులో చేరడం గురించి ఎక్కువ చెప్పను. డబ్బు అవసరమై చేరితే అది వేరు. గద్యం–ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికైతే అది సరైన చోటు కాదు, అక్కడ రోజంతా అదే పని. వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లీషు కాపీ వస్తుంది, ఎవరేమన్నారో చూసుకొని పావుగంటలో తెలుగు చేయాలి; ఒక ‘అని’ జారితే మర్నాడు సవరణ వేయాలి.

మీ నాన్నగారికి మార్కుల సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి తీరును బట్టి ఉంటుంది. కానీ ఆయనతో మాట్లాడవలసింది ఇంకొకటి ఉందని నా ఉద్దేశం. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. తర్వాత మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. రోజూ జిల్లాకు ఇన్ని చిన్న పేజీలు నింపాల్సి వచ్చేసరికి, అంతకుముందు వార్త కానిది వార్త అయింది. మండలాఫీసు ముందు ధర్నా, బోరుబావి తగాదా, బడిలో బహుమతి ప్రదానం, అన్నీ ఫొటోతో సహా అచ్చెక్కాయి. పేజీల ఏర్పాటు మారడం వల్ల ఊరు తనను తాను చూసుకునే తీరు మారింది. ఇది మెక్లూహన్ వాదానికి మీ మండలం నుంచే సాక్ష్యం కావచ్చు, లేదూ వార్తే ముఖ్యమన్న మీ వాదానికే సాక్ష్యం కావచ్చు. ఎటు మొగ్గుతుందో తేల్చడానికి తరగతిలో ఎవరికీ లేని వనరు మీకుంది. జిల్లా పేజీలు వచ్చాక కట్ట బరువు ఎంత పెరిగింది, ఏ లైన్లో కొత్తగా కాపీలు పడ్డాయి, పేపరు చేతికందగానే జనం ముందు ఏ పేజీ తిప్పేవారు, ఫోన్లు వచ్చాక ఎవరు మానేశారు, ఇవన్నీ అడిగి రాసుకోండి. మీ నాన్నగారి తరఫున కోపగించుకోవడం కంటే ఆయన్ని సాక్షిగా పిలవడం మేలు. సెమినార్‌లో మొదటి సగం మెక్లూహన్ మాటలు ‘అని’తో, రెండో సగం విలియమ్స్ అభ్యంతరమూ మీ నాన్నగారు చెప్పినవీ.

ఈ శనివారం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. ఉద్యోగ పరీక్షలవాళ్లు తెల్లారకముందే కుర్చీలు పట్టేస్తారు, కాబట్టి పెందలాడే బయల్దేరండి. ఫోన్ హాస్టల్లో వదిలేసి, ప్రశ్నపత్రం, రెండు రంగుల పెన్నులు, తెల్లకాగితాలు మాత్రం తీసుకెళ్లండి. ఒక కాగితం మీద నీలం సిరాతో ఐదు జవాబులూ రాయండి, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు దాటవద్దు. మీ కోపం వచ్చినప్పుడల్లా పెన్ను మార్చి పక్క కాగితం మీద రాసుకోండి. దాన్ని అణచుకోవద్దు, సెమినార్ రెండో సగానికి అదే ముడిసరుకు. వీలైతే రెండు కాగితాలూ నాకు పంపండి, ముందు నీలం సిరాది దిద్దుతాను.